238 పురవర్ణనలు

ప్రబంధ పాఠం చెప్పేటప్పుడు పురవర్ణన దగ్గర మా తరగతిలో ఏటా ఒక చిక్కు వస్తుంది. కోటగోడలు ఆకాశాన్ని ఒరుసుకొంటూ వుంటాయి. మేడలు మబ్బులను దాటి వుంటాయి. నాలుగు వర్ణాలవారూ తమ తమ ధర్మాలలో సుఖంగా వుంటారు. ఆ గోడలకు రాళ్లు మోసినవారెవరు, ఆ మేడలకు నీళ్లు తెచ్చినవారెవరు అని పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. కిందటి సంవత్సరం మాత్రం ఒక విద్యార్థి లేచి, "ఇట్లాంటివి ఇప్పుడెవరూ రాయరు కదా మాస్టారూ, ఎందుకు చదవడం?" అన్నాడు. ఆ పూట నాదగ్గర సరియైన సమాధానం లేదు. తరువాత దొరికింది. 2017లో ఆరు వారాల గడువులో ఉత్తర అమెరికా ఖండంలో 238 పురవర్ణనలు తయారైనాయి. అన్నిటికీ కృతిభర్త ఒక్కడే. అమెజాన్ కంపెనీ.

విమర్శ పత్రికలో కంపెనీ టెండర్ల గొడవేమిటని కనుబొమలు ముడిచేవారుంటారు. వారికి నా మనవి ఒక్కటే. స్తోత్రం, అర్థింపు, ఆశ్రయం కోరడం - మన పాత కవిత్వంలో ఎంతో భాగానికి ఇవే వస్తువులు. రాజులు పోగానే ఆ వస్తువూ పోయిందనుకొని మనం నిశ్చింతగా వున్నాం. అది పోలేదు. పద్యాన్ని వదిలి దస్త్రంలోకి మారింది. కవులు మానుకొన్న పనిని నగరపాలక సంఘాలు ఎత్తుకొన్నాయి. రాసినవాడు కవి కానంత మాత్రాన విమర్శకుడికి సెలవు దొరకదు.

ముందు ఆహ్వానపత్రాన్ని చదువుదాం. 2017 సెప్టెంబరు 7న అమెజాన్ దీన్ని ప్రకటించింది. ఎనిమిది పేజీలు. సియాటిల్‌లో వున్న ప్రధాన కార్యాలయానికి దీటుగా రెండవది కడతామని, 500 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి పెడతామని, 50 వేల దాకా ఉద్యోగాలు వస్తాయని, ఒక్కొక్కరికి సగటున ఏడాదికి లక్ష డాలర్లు మించి ముడుతుందని అందులో వుంది. జనాభా పది లక్షలు దాటాలి. 45 నిమిషాల దూరంలో అంతర్జాతీయ విమానాశ్రయం వుండాలి. గుమ్మం ముందుకే రైలో బస్సో రావాలి. మొదట ఐదు లక్షల చదరపు అడుగులు చాలు, పోను పోను 80 లక్షల దాకా కావాలి. ఇంతవరకు ఇది అద్దె ఇల్లు వెతుక్కొనేవాడి జాబితావలెనే వుంది.

అసలు శిల్పం తరువాతి పేజీలలో కనిపిస్తుంది. వ్యాపారానికి అయ్యే ఖర్చు తమ నిర్ణయంలో కీలకమని ముందు చెప్పి, మీరిచ్చే రాయితీలేమిటో రాయండంటారు. భూమా, పన్ను మినహాయింపా, గ్రాంటా, రుసుముల తగ్గింపా, ఏది ఎంత అని విడివిడిగా రాయమంటారు. కొన్ని రాయితీలకు ప్రత్యేకంగా చట్టం చేయవలసి వస్తుందేమో, ఆ చట్టం ఏ దశలో వుందో కూడా తెలపమంటారు. అంటే శాసనసభ ఏమి చేయవలసి వుంటుందో శాసనసభకంటె ముందు కంపెనీకి తెలియాలి. రాసేవారు ఇచ్చే అంకెలు కచ్చితంగా వుండాలి. రాయించుకొనేవారి అంకె మాత్రం 'దాకా' అనే ఒక్క మాటను పట్టుకొని వేలాడుతూ వుంది.

అన్నిటికంటె నన్ను ఆపిన మాట 'సంస్కృతి'. కంపెనీకి సరిపడే సంస్కృతి ఆ వూళ్లో వుండాలట. ఏమిటా సంస్కృతి అంటే రకరకాల జనం, మంచి విశ్వవిద్యాలయాలు, వాటి పక్కనే, కంపెనీతో కలిసి పనిచేయడానికి ఉవ్విళ్లూరే ఎన్నికైన ప్రతినిధులు! ప్రజలు ఓటు వేసి పంపిన మనిషి ఆత్రం ఒక వూరి సంస్కృతిలో భాగమైపోయింది. మన నిఘంటుకారులలో ఎవరూ ఆ పదానికి ఈ అర్థం ఇచ్చినట్టు లేదు.

ఇక వర్ణనలు. ఆరిజోనాలోని టూసాన్ నగరం నుంచి 21 అడుగుల జెముడు చెట్టు ఒకటి కానుకగా సియాటిల్‌కు బయలుదేరింది. కంపెనీ దాన్ని స్వీకరించలేక ఆ రాష్ట్రంలోనే ఒక ఎడారి మ్యూజియానికి ఇప్పించింది. జార్జియాలోని స్టోన్‌క్రెస్ట్ పురపాలకులు 345 ఎకరాలను తమ వూరినుంచి విడదీసి దానికి 'అమెజాన్' అని పేరు పెడతామని తీర్మానం చేశారు. కాన్సాస్ సిటీ మేయరు కంపెనీ అమ్మే సరుకులు వెయ్యి కొని, వెయ్యింటికీ అయిదు నక్షత్రాలిచ్చి, ప్రతి సరుకు ప్రశంసలోనూ తన నగరాన్ని ఇరికించాడు. బర్మింగ్‌హామ్‌లో కంపెనీ అట్టపెట్టెలను ఇంతింత ఎత్తున చేయించి వీధులలో నిలబెట్టారు. కెనడాలోని కాల్గరీ నగరంవారు మీకోసం ఎలుగుబంటితోనైనా కుస్తీ పడతామన్నారు. న్యూయార్కువారు ఎంపైర్ స్టేట్ భవనానికి నారింజరంగు దీపాలు పెట్టారు. మన ప్రబంధకవులకు అతిశయోక్తి అలంకారం అలవాటే గాని, కృతిభర్త దుకాణంలో వెయ్యి సరుకులు కొని వెయ్యి పద్యాలు చెప్పినవాణ్ణి నేను చదివి వుండలేదు.

ఇవి నవ్వుకోవడానికి బాగానే వున్నాయి, అప్పుడు పత్రికలు నవ్వించాయి కూడా. కాని ఆ నవ్వులోనే మోసం వుందని నా అభిప్రాయం. జెముడు చెట్టు బొమ్మ ప్రతి పత్రికలోనూ పడింది. డబ్బు సంగతి రాసిన పేజీలు మాత్రం చాలా నగరాలలో బయటికి రాలేదు. కొన్ని వచ్చినా నల్ల సిరా పూసుకొని వచ్చాయి. అధికారులు గోప్యతా ఒప్పందాలమీద సంతకాలు చేశారు. పిట్స్‌బర్గ్ నగరంవారు తమ ప్రతిపాదనను చూపించకుండా పోటీ అయిపోయేదాకా పెనుగులాడి, ఓడిన తరువాతనే బయట పెట్టారు. మన విమర్శలో వస్తువు ముఖ్యమా, శిల్పం ముఖ్యమా అని ఏళ్ల తరబడి వాదించుకొన్నాం. ఇక్కడ ఆ రెంటినీ కత్తితో కోసినట్టు విడదీశారు. శిల్పాన్ని వీధిలో ఊరేగించారు, వస్తువును బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆ బీరువాలో ఏముంది? న్యూజెర్సీలో నూవార్క్ నగరం కోసం రాష్ట్రమూ నగరమూ కలిసి 700 కోట్ల డాలర్లు చూపించాయి. మేరీలాండ్ రాష్ట్రం 850 కోట్లు, అందులో 200 కోట్లు రోడ్లకూ రవాణాకూ. ఇల్లినాయ్‌లో, షికాగో కోసం, ఒక వింత ఏర్పాటు వుంది. ఉద్యోగి జీతంలోంచి రాష్ట్రానికని కోసిన ఆదాయపు పన్నులో సగమో అంతకంటె ఎక్కువో కంపెనీయే వుంచుకోవచ్చు. పాఠకుడు ఇక్కడ ఒక క్షణం ఆగాలి. పనివాడు తన వూరి బడికీ రోడ్డుకూ అని ఇచ్చిన పన్ను, పన్ను అనే పేరుతోనే, యజమాని జేబులోకి తిరిగి వెళ్లుతుంది. జీతపు చీటీమీద మాత్రం పన్ను కట్టినట్టే వుంటుంది. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరం ఇంకో అడుగు వేసింది. కంపెనీవల్ల వచ్చే పన్నులలో 85 శాతాన్ని ఒక ప్రత్యేక నిధిలో వేసి, దాన్ని ఎట్లా ఖర్చు పెట్టాలో కంపెనీ ప్రతినిధులు కూడా కూర్చొని నిర్ణయించేటట్టు, ఈ ఏర్పాటు నూరేళ్లు సాగేటట్టు రాసింది. నూరేళ్లు! రాజులు అగ్రహారాలిచ్చేటప్పుడు ఆచంద్రతారార్కం అని రాసేవారు. ఇది రాజు ఇచ్చిన అగ్రహారం కాదు, వూరే తనను తాను రాసిచ్చుకోవడం.

అమెరికను పత్రికలు దీన్ని పోటీ అన్నాయి. స్వయంవరమని మా విద్యార్థి ఒకడన్నాడు. అది కూడా కాదు, పెళ్లిచూపులు. మగపెళ్లివారు 238 ఇళ్లకు కబురు పంపారు, కట్నం జాబితాలు తెప్పించుకొన్నారు, 2018 జనవరిలో 20 ఇళ్లను ఏరి మిగిలినవారికి నమస్కారం చెప్పారు, ఆ ఇరవైమంది దగ్గరికీ వెళ్లి పెరళ్లు చూశారు. ఆ యేడు నవంబరు 13న తేలినదేమిటి? రెండవ ప్రధాన కార్యాలయం ఒకటి కాదు, రెండు ముక్కలట. 25 వేల ఉద్యోగాలు న్యూయార్కులోని లాంగ్ ఐలాండ్ సిటీకి, 25 వేలు వాషింగ్టన్ నగరం పక్కన వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌కు. నాష్‌విల్‌కు తాయిలంగా ఒక ఐదువేలు. దేశానికి రాజధాని ఒకటి, డబ్బుకు రాజధాని ఇంకొకటి. డెట్రాయిటు వంటి దెబ్బతిన్న నగరాలు కన్న కలకు ఇదీ ఫలితం.

నేను చెప్పదలచినది ఇక్కడే వుంది. 700 కోట్లు, 850 కోట్లు చూపినవారు ఓడిపోయారు. గెలిచిన వర్జీనియా నేరుగా ఇస్తానన్నది సుమారు 57 కోట్లు. దానితోపాటు విశ్వవిద్యాలయానికీ రవాణాకూ ఖర్చు పెడతానన్నది, అవి కంపెనీ లేచిపోయినా వూళ్లో మిగిలేవి. అంటే కంపెనీని లాగినది డబ్బు సంచి కాదు. చదువుకొన్న పనివారు గుంపుగా ఎక్కడ వున్నారో అక్కడికే అది వెళ్లింది. ఈ రాయితీల లెక్కలను దీర్ఘకాలంగా పరిశీలించిన తిమొతి బార్టిక్ అనే ఆర్థికవేత్త 2018లో తేల్చినది కూడా ఇదే దారిలో వుంది. రాయితీ లేకపోతే ఆ చోటికి రాకపోయి వుండే కంపెనీలు నూటికి రెండునుంచి ఇరవై అయిదు మాత్రమే. మిగిలినవి ఎట్లాగూ వచ్చేవే. మరి ఎట్లాగూ వచ్చేవాడు ఇన్ని స్తోత్రాలు ఎందుకు రాయించుకొన్నట్టు?

దీనికి జవాబు సియాటిల్‌లో వెతకాలి. పోటీ నడుస్తూ వుండగానే, 2018 మే 14న, ఆ నగర మండలి పెద్ద కంపెనీలమీద ఒక్కొక్క ఉద్యోగికి ఏడాదికి 275 డాలర్ల పన్ను వేసింది. ఇల్లు లేనివారికి ఇళ్లు కట్టడానికి ఆ పన్ను. తీర్మానానికి వ్యతిరేకంగా ఒక్క ఓటైనా పడలేదు. అంతకుముందే అమెజాన్ ఒక కొత్త భవనం పనిని నిలిపి, మండలి ఏమి చేస్తుందో చూసి నిర్ణయిస్తామన్నది. నెల తిరగకముందే, జూన్ 12న, అదే మండలి 7-2 ఓట్లతో ఆ పన్నును రద్దు చేసుకొన్నది. పొరుగున 20 నగరాలు చేతులు జోడించి నిలబడి వున్నప్పుడు సొంత వూరికి ఎంత ధైర్యం మిగులుతుంది? స్తోత్రం ఉద్దేశించినవాడికంటె పక్కన నిలబడి విన్నవాడిమీద ఎక్కువ పనిచేస్తుంది. 238 దస్త్రాలు కంపెనీకి ఇల్లు చూపించినాయో లేదో గాని, ఏ వూరు ఎంతదాకా వంగుతుందో చూపించినాయి. కంపెనీ మనసులో ఏమున్నదో నేను చూడలేదు, ఇది నా అనుమానం. కాని ఫలితం అనుమానం కాదు.

న్యూయార్కు కథ మన పాఠకులకు స్థూలంగా తెలుసు. 2019 ఫిబ్రవరి 14న కంపెనీ అక్కడినుంచి తప్పుకొన్నది. మనవైపు పత్రికలు దాన్ని ప్రజావిజయంగా రాసుకొన్నాయి. నేనూ ఆనాడు సంతోషించాను. ఇప్పుడు తిరిగి చదివితే ఆ సంతోషంలో కొంత తొందరపాటు వుందనక తప్పదు.

మొదటి సంగతి సంతకాలది. 2017 అక్టోబరులో న్యూయార్కుకు రమ్మని కంపెనీకి రాసిన లేఖమీద ప్రజాప్రతినిధులు పెద్ద సంఖ్యలో సంతకాలు చేశారు. తరువాత వ్యతిరేకోద్యమానికి ముందు నిలిచిన రాష్ట్ర సెనేటరు మైకేల్ గియానారిస్, నగర మండలి సభ్యుడు జిమ్మీ వాన్ బ్రామర్ - ఇద్దరి సంతకాలూ ఆ లేఖమీద వున్నాయి. వాళ్లను దెప్పడానికి ఈ మాట ఎత్తడం లేదు. స్తోత్రంమీద సంతకం చేసేటప్పుడు వాళ్ల ముందు అంకె లేదు. అంకె తెలిసేసరికి సుమారు 300 కోట్ల డాలర్లయింది. నగర మండలి భూవినియోగ పరిశీలన అక్కరలేకుండా రాష్ట్రం చేతిమీదుగా నడిపే దారి కూడా అప్పటికే సిద్ధమైంది. చదవకుండా సంతకం చేసి తరువాత చదివి ఎదురు తిరిగినవారు, చదవకుండానే కడదాకా వున్నవారికంటె మేలు. గవర్నరు క్యూమో అయితే అవసరమైతే తన పేరునే అమెజాన్ క్యూమో అని మార్చుకొంటానని సరసమాడాడు. షష్ఠ్యంతాలు రాసిన కవులు కూడా తమ ఇంటిపేరు వదులుకోలేదు.

రెండవ సంగతి మరింత ఇబ్బందికరమైనది. మన మిత్రులు చాలామంది ఆ 300 కోట్లను ఒక సంచివలె ఊహించారు. ఆ సంచితో బళ్లు కట్టవచ్చు, సొరంగ రైళ్లు బాగుచేయవచ్చు అన్నారు. అవతలివారు దొరికిందే సందుగా వీళ్లకు లెక్కలు రావని వెక్కిరించారు. లెక్కకు అవతలివారి మాటే నిజం. అందులో ఎక్కువ భాగం కంపెనీ వచ్చి ఉద్యోగాలిస్తే, వసూలు కావలసిన పన్నులో తగ్గించేది. నగదు గ్రాంటు అందులో చిన్న భాగమే. కంపెనీ రాకపోతే ఆ సంచీ లేదు. అసలు ప్రశ్న వేరు. 25 వేలమంది వచ్చి దిగితే వారికి నీరు, రైలు, బడి ఎట్లాగూ కావాలి, ఇంటి అద్దెలు ఎట్లాగూ పెరుగుతాయి. ఆ ఖర్చులో కంపెనీ వాటాను తగ్గిస్తే మిగిలినది ఎవరిమీద పడుతుంది? పక్కనే వున్న క్వీన్స్‌బ్రిడ్జ్, అమెరికాలోకెల్లా పెద్ద ప్రభుత్వ గృహసముదాయం, మూడువేలకు పైగా ఇళ్లు. అక్కడివారు ఈ ప్రశ్న వేశారు. వారిలో కొందరు ఉద్యోగాల ఆశతో కంపెనీ రావాలని కూడా కోరారు. మన పత్రికలలో ఈ రెండో గొంతు వినిపించలేదు.

కార్మిక సంఘాలు కూడా ఒక్క మాటమీద లేవు. కట్టడపు పనివారి సంఘాలు, భవన సేవకుల సంఘం కంపెనీని ఆహ్వానించాయి. చిల్లర దుకాణాల, గిడ్డంగుల ఉద్యోగుల సంఘం ఎదిరించింది. మొదటివారికి అది కొన్నేళ్ల కూలి. రెండవవారికి అది సంఘం పెట్టనివ్వని యజమాని. 2019 జనవరిలో నగర మండలి విచారణలో, మీ ఉద్యోగులు సంఘం పెట్టుకొంటామంటే మీరు తటస్థంగా వుంటారా అని అడిగితే, వుండమని కంపెనీ ప్రతినిధి చెప్పేశాడు. ఎనిమిది పేజీల ఆహ్వానపత్రం, ఏడాదిపైగా సాగిన స్తోత్రాలు, వీటన్నిటిలోనూ దొరకని స్పష్టత ఆ ఒక్క జవాబులో వుంది. నాకు తెలిసి ఈ సారస్వతం మొత్తంలో అలంకారం లేని వాక్యం అదొక్కటే. దానికోసం బహిరంగ విచారణ కావలసి వచ్చింది.

కంపెనీ తప్పుకొన్న తరువాత రెండు వారాలకు వ్యాపారులూ, రాజకీయులూ, కొందరు కార్మిక నాయకులూ కలిసి తిరిగి రమ్మని పత్రికలో బహిరంగ లేఖ అచ్చు వేయించారు. ఇంకొక స్తోత్రం. కంపెనీ తిరిగి వచ్చింది కూడా. అయితే లేఖ చూసి కాదు. 2019 డిసెంబరులో మన్‌హటన్‌లోని హడ్సన్ యార్డ్స్‌లో 3,35,000 చదరపు అడుగులు అద్దెకు తీసుకొన్నది, 1,500 మందికి. ప్రత్యేక రాయితీ ఒక్కటీ అడగకుండా. ఆర్లింగ్టన్‌లో మొదటి భాగం 2023లో తెరిచారు. ఆ సంవత్సరం మార్చిలోనే రెండవ భాగం పని మొదలుపెట్టకుండా నిలిపివేశారు.

అర్థింపు ఒల్లనన్న వూళ్లు కూడా వున్నాయి. టెక్సాస్‌లోని సాన్ అంటోనియో నగరం ఇల్లంతా దోచిపెట్టడం మా పద్ధతి కాదని లేఖ రాసి పోటీనుంచి తప్పుకొన్నది. ఆర్కాన్సాలోని లిటిల్ రాక్ నగరంవారు మాత్రం మీకూ మాకూ పొసగదని వాషింగ్టన్ పత్రికలో డబ్బిచ్చి ప్రకటన వేయించి, సియాటిల్ ఆకాశంలో విమానంతో పతాకం తిప్పించారు. అంకితం ఇవ్వననడం కూడా ఒక ప్రకటనే అయిపోయింది. తరగతిలో నేను సాన్ అంటోనియోను మెచ్చుకొంటూ, భాగవతాన్ని రాజుకు అంకితమీయననీ పొలం దున్నుకొని బతుకుతాననీ పోతన అన్నట్టు చెప్పుకొనే కథను ఎత్తాను. వెనక బల్లమీదినుంచి ఆ విద్యార్థే అన్నాడు: "పోతనకు పొలం వుంది మాస్టారూ. మాకు లేదు."

ఈ మాటను దాటి పోవడానికి వీలులేదు. 2019 ఆగస్టులో, న్యూయార్కును వదిలిన ఆరు నెలలకు, అమెజాన్ హైదరాబాదులో తొమ్మిదిన్నర ఎకరాలలో, 18 లక్షల చదరపు అడుగుల క్యాంపస్ తెరిచింది. విస్తీర్ణంలో తమకు ప్రపంచంలోకెల్లా పెద్దది ఇదేనని చెప్పుకొన్నది, 15 వేలమందికి చోటు. కంప్యూటరు చదువుకొన్న పిల్లలకు రెండవ భాషగా తెలుగు చెప్పినవాణ్ణి నేను. అక్కడ చేరినవారిలో ఒకమ్మాయి తండ్రి కౌలు అప్పు ఆ జీతంతోనే తీరింది. ఆమె ముందు నిలబడి నేను సంస్కృతి అనే పదంమీద ఉపన్యసించలేను. ఉద్యోగం కోరడం స్తోత్రం కాదు. ఉద్యోగం కోరేవారి పేరు చెప్పి, వారికి చూపించకుండా, వారి పొత్తులోంచి ఎంత రాసిచ్చారన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న ఇక అమెరికాది మాత్రమే కాదు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం విశాఖపట్నంలో 21.16 ఎకరాలను టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కు 99 పైసలకు ఇవ్వడానికి ఆమోదించింది. 12 వేల ఉద్యోగాలు వస్తాయన్నారు. వస్తే మా పిల్లలకే మంచిది. కాని ఆ 99 పైసల శిల్పాన్ని గమనించండి. ఉచితమంటే దానమవుతుంది, ధర అంటే లెక్క చెప్పాలి. 99 పైసలంటే పత్రికలో శీర్షిక అవుతుంది, టూసాన్ జెముడు చెట్టులాగ. ఆ భూమి మార్కెట్టు ధర ఎంత, ఉద్యోగాలు గడువులో రాకపోతే భూమి తిరిగి వస్తుందా అన్న ప్రశ్నలు శీర్షికలో పట్టవు. వర్జీనియా తన గ్రాంటును ఉద్యోగానికి 22 వేల డాలర్ల చొప్పున, ఉద్యోగం కల్పించిన తరువాత ఇచ్చేటట్టు రాసుకొన్నది. పోల్చి చదవడానికి ఇది ఒక పాఠం.

పురవర్ణన పాఠం ఈ సంవత్సరం మళ్లీ వచ్చింది. ప్రబంధం పక్కన ఆ ఎనిమిది పేజీల ఆహ్వానపత్రాన్ని నేనే తెలుగు చేసి పెట్టాను. మన సంఘం శాఖలవారు తమ అధ్యయన తరగతులకు కావాలంటే ప్రతులు పంపగలను. విశాఖ ఒప్పందంలో షరతులేమిటో తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదామని వెనకబల్ల విద్యార్థి ప్రతిపాదించాడు. రుసుము పది రూపాయలు. అయిదుగురు తలా రెండు రూపాయలు వేసుకొన్నారు. దరఖాస్తు ముసాయిదాలో వాళ్లు మొదట 'తమరి అమూల్యమైన' అని రాసి, తరువాత ఆ మాటలు కొట్టివేశారు.